సూర్జబాను సిగ్గు

మా ఊరి పాతవాళ్ళ దగ్గర సూర్జబాను పేరెత్తితే ఒక్క క్షణం మాట ఆగుతుంది. నాకూ ఆగుతుంది. ఆమె చేసిన ఒక పనిలో నా చెయ్యి ఉంది. ఆమెకు జరిగిన ఒక నష్టంలో నా పాపం ఉంది. ఇవి రెండూ దాచుకుని ఆమె కథ చెప్పడం కుదరదు కనుక మొదటి నుంచీ చెబుతాను.

ఢాకాకు ఎగువన, జమునా నది కట్టకు ఇవతల మాది నేతగాళ్ళ ఊరు. లుంగీలు నేస్తాం. మగ్గం ఉన్నవాడు యజమాని, లేనివాడు కూలి. సూర్జబాను భర్త మొక్సేద్ కూలి. నూలు ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఎప్పుడూ దగ్గుతుండేవాడు. ఆమె వాకిట్లో రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేది. పొట్టి మనిషి. గొంతు మాత్రం నాలుగు మగ్గాల చప్పుడు దాటి వినిపించేది. అయిదో తరగతి దాకా చదివింది. మాలో చాలామందికి వేలిముద్ర తప్ప తెలియని రోజుల్లో అది చిన్న చదువేమీ కాదు.

తొంభైలో మా ఊరికి అప్పుల ఆఫీసు వచ్చింది. అంతకుముందు మాకు తెలిసిన అప్పు ఒక్కటే. నూలు వ్యాపారి దగ్గర నూటికి నెలకు పది. ఆఫీసువాళ్ళు ఆడవాళ్ళకే ఇస్తామన్నారు. పొలం కాగితాలు అడగలేదు, బంగారం అడగలేదు. అయిదుగురు కలిసి ఒక గుంపు, ఎనిమిది గుంపులు కలిస్తే ఒక కేంద్రం. ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళది పూచీ. అయిదు వేల టాకాలు తీసుకుంటే వారానికి నూట ఇరవై అయిదు చొప్పున నలభై ఆరు వారాలు కట్టాలి. నూటికి పదిహేను వడ్డీ అని చెప్పారు. కట్టిన అసలు మీద కూడా ఏడాది చివరిదాకా వడ్డీ పడుతూనే ఉంటుందని మాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. అర్థమైనా తీసుకునేవాళ్ళమే. నూలు వ్యాపారి ముందు అది స్వర్గం.

సంతకం చేయగలదు కనుక సూర్జబానుని కేంద్రం పెద్దగా పెట్టారు. ప్రతి మంగళవారం పొద్దున ఆమె వాకిట్లో నలభైమందిమి చాపల మీద వరసగా కూర్చునేవాళ్ళం. ఆఫీసు నుంచి ఆనిసుర్ సార్ సైకిలు మీద వచ్చేవాడు. రంగ్‌పూర్ మనిషి, పాతికేళ్ళుంటాయి, సన్నగా ఉండేవాడు. మా అందర్నీ ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాడు. మేం అతన్ని ఊరికే వదిలేవాళ్ళం కాదు.

"సార్, కాళ్ళ నిండా బురదే. కడుక్కోవడానికి నీళ్ళు పోస్తాం, మా గుంపుకో కిస్తీ తగ్గిస్తారా?"

"తగ్గిస్తే నా జీతంలోంచి కోస్తారు ఆపా. అప్పుడు నాకు అన్నం మీరే పెట్టాలి."

"పెడతాంలే. పిల్లని కూడా చూస్తాం. వారం వారం తప్పకుండా కట్టే పిల్లని!"

నాలుగేళ్ళు మా కేంద్రంలో ఒక్క కిస్తీ తప్పలేదు. ఊళ్ళో కూలి మగ్గాలు సొంత మగ్గాలయ్యాయి. మొక్సేద్ కూడా ఒక మగ్గం కొన్నాడు. మా ఇంట్లో రెండయ్యాయి. ఆఫీసువాళ్ళు సూర్జబానుకి నల్ల గొడుగొకటి, చట్రం కట్టిన కాగితమొకటి ఇచ్చారు. ఆ కాగితం చదవడానికి వచ్చినవాళ్ళకల్లా ఆమె టీ పోసేది. ఆమెకు అంత గర్వం ఉండేదని ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు.

మా గుంపు అయిదుగురిలో కోహినూర్ ఒకతి. భర్త ఢాకాలో రిక్షా తొక్కుతానని వెళ్ళి రెండు నెలలు డబ్బు పంపాడు, తర్వాత మనిషి జాడే లేదు. ఇంట్లో చూపు లేని అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. అప్పు తీసి మగ్గం పెట్టింది, నేసేవాడికి కూలివ్వలేక అది మూలపడింది. తొంభై నాలుగు వానాకాలంలో నూలు ధర పెరిగింది. కోహినూర్ ఒక కిస్తీ తప్పింది, మా గుంపు వేసుకుంది. రెండోది కూడా వేసుకున్నాం. మూడోసారి మా చేతుల్లోనూ లేదు. అలా ఏడు కిస్తీలు బాకీ పడ్డాయి.

ఏడో మంగళవారం ఆనిసుర్ సార్ పుస్తకం మూయలేదు. డబ్బు పూర్తయ్యేదాకా ఎవరూ లేవకూడదన్నది ఆఫీసు పద్ధతి, అన్ని వారాలూ సార్ చూసీచూడనట్టు పోయాడు. పొద్దున కూర్చున్నవాళ్ళం మధ్యాహ్నం నమాజు దాటినా కూర్చునే ఉన్నాం. చంకల్లో పిల్లలు ఏడుస్తున్నారు. మగవాళ్ళు అన్నం లేక కేకలేస్తున్నారు. కోహినూర్ చివరి వరసలో తల వంచుకుని ఉంది.

"దాని కోసం మేమెందుకు ఎండిపోవాలే?" అని వెనక గుంపులోంచి ఒకామె లేచింది. "మొగుడు డబ్బు పంపుతున్నాడేమో, దాచుకుంటోందేమో, ఎవరికి తెలుసు!"

"పంపితే నేను ఈ చీర కట్టుకుంటానా భాబీ?" అంది కోహినూర్, తలెత్తకుండానే.

సూర్జబాను సార్ వైపు తిరిగింది. "మీరే చెప్పండి సార్. ఏం చేద్దాం?"

"నేనేం చెప్పను ఆపా. కేంద్రం మీది. మీరే తేల్చుకోండి." పుస్తకంలోకి చూస్తూ అన్నాడు: "ఇది తేలకపోతే మాత్రం వచ్చే నెల కొత్త అప్పులు ఎవరికీ రావు. నలభైమందికీ."

ఆ మాటతో అందరి చూపూ కోహినూర్ ఇంటి కప్పు మీద పడింది. మా వాకిళ్ళన్నిటికీ కనిపించే కప్పు అది. భర్త వెళ్ళేముందు వేయించిన మంచి రేకులు.

మేం పదిమందిమి వెళ్ళాం. సూర్జబాను ముందు నడిచింది. ఎక్కడానికి ఎవరో పీట మీద పీట పెట్టారు. అప్పుడు కోహినూర్ లోపల్నుంచి నిచ్చెన తెచ్చింది.

"ఆ పీట విరుగుతుంది ఆపా, పడతావు" అంది. "దీన్ని ఎక్కు. నేను పట్టుకుంటాను."

నిజంగానే పట్టుకుంది. రెండు చేతులతో నిచ్చెన కాళ్ళు గట్టిగా పట్టుకుని నిలబడింది. సూర్జబాను పైకెక్కి మేకులు పీకి ఒక్కో రేకూ కిందికి జార్చింది. కింద అందుకున్నవాళ్ళలో నేనున్నాను. రేకు అంచు నా అరచెయ్యి కోసింది, గీత ఇప్పటికీ ఉంది. మూడో రేకు లేచినప్పుడు లోపల్నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

"ఏమే కోహినూర్, కప్పు లేస్తోంది! గాలివానా? పిల్లల్ని మంచం కిందికి తొయ్యి!"

కోహినూరే అంది: "గాలివాన కాదమ్మా. మనవాళ్ళే. పడుకో."

ఆరు రేకులు అమ్మితే తొమ్మిది వందలు వచ్చాయి. బాకీ ఎనిమిది వందల డెబ్భై అయిదు. మిగిలిన ఇరవై అయిదు టాకాలు ఆనిసుర్ సార్ లెక్కపెట్టి సూర్జబాను చేతిలో పెట్టాడు. ఆమె తీసుకెళ్ళి కోహినూర్‌కి ఇచ్చింది. కోహినూర్ తీసుకుంది. "అప్పు తీరిపోయిందిగా ఆపా?" అని మాత్రం అడిగింది.

ఆ మరుసటి వారమంతా ముసురు. కోహినూర్ ఇంటి మీద ప్లాస్టిక్ పట్టా గాలికి కొట్టుకునే చప్పుడు మా అందరి ఇళ్ళకూ వినపడేది. తర్వాత మేం ఒకటి గమనించాం. దగ్గరి బోరింగు కోహినూర్ గుమ్మం పక్కనే ఉంటుంది. సూర్జబాను దాన్ని వదిలి, బడి అవతల ఉన్న బోరింగుకి పోయి బిందెలు మోసుకొస్తోంది. ఒకరోజు మొక్సేద్ నాతో అన్నాడు: "లైలీ, మీ ఆపా వారం నుంచి సరిగ్గా తినడం లేదమ్మా. ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంటోంది."

అప్పుడే ఆనిసుర్ సార్ సంతోషంగా వచ్చాడు. "ఆపా, జిల్లా బహుమతికి మీ పేరు రాశాను. గట్టిగా నిలబడ్డ కేంద్రం పెద్ద అని!"

సూర్జబాను లోపలికి వెళ్ళింది. చట్రం కాగితం, గొడుగు తెచ్చి అతని సైకిలు వెనక కట్టింది.

"ఇవి పట్టుకుపోండి సార్. పేరు కొట్టేయండి. నేను పెద్దనీ కాదు, సభ్యురాలినీ కాదు."

"ఏం జరిగింది ఆపా? మీరు తప్పేం చేశారు?"

"ఆవిడ నిచ్చెన పట్టుకుంది సార్" అంది. అంతే.

తన అప్పు కట్టేసి ఆఫీసు వదిలేసింది. తొంభై అయిదులో, చలికాలం పోతున్న రోజుల్లో, సొంతంగా ఒక సంఘం మొదలుపెట్టింది. వారానికి అయిదు టాకాలు పొదుపు. ఆ పొదుపు డబ్బే మాలో మాకు అప్పు. వడ్డీ నూటికి ఏడాదికి ఆరు. పూచీలు లేవు, గుంపులు లేవు, ఎవరూ కూర్చోనక్కర్లేదు. నలభై ఆరుగురం చేరాం. అందరికన్నా ముందు ఆమె పిలిచింది కోహినూర్‌ని. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా పిలిచింది. కోహినూర్ వచ్చింది.

చేరినవాళ్ళలో ఫూల్‌జాన్ నానీ ఒకతి. డెబ్భై దాటిన మనిషి. వాళ్ళింట్లో వీళ్ళింట్లో వడ్లు దంచి, మరమరాలు వేయించి బతికేది. అయిదు టాకాలు కొంగు ముడిలోంచి తీసి ఇస్తూ చెప్పేది: "అప్పు నాకొద్దే అమ్మా. ఇది నా కఫను గుడ్డకి, పోయాక ఒంటికి చుట్టే గుడ్డకి. ఎవరి దయ మీదా పోకూడదు."

ఆనిసుర్ సార్ ఈ సంగతి విని ఒకరోజు దారిలో సైకిలు ఆపాడు.

"ఆపా, ఆరు టాకాల వడ్డీతో సంఘం నడవదు. ఎవరైనా చనిపోతే? నది ఇల్లు పట్టుకుపోతే? ఆ నష్టం ఎక్కడ్నుంచి పూడుస్తారు? మా పదిహేనులో దొంగతనం లేదు. నేను వారానికి ఇరవై ఊళ్ళు తిరిగి అయిదూ పదీ పోగుచేస్తాను. ఆ ఖర్చుంటుంది. నా జీతం అందులోంచే వస్తుంది."

"మీ జీతం కోహినూర్ కప్పులోంచి వచ్చింది సార్."

అతని మొహం మాడిపోయింది. సైకిలెక్కి పోయాడు. మేం ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నాం. అతను చెప్పిందాంట్లో నిజమెంతో ఒక్కరమూ ఆలోచించలేదు.

రెండేళ్ళు బాగానే నడిచింది. అయితే సూర్జబానుకి ఒక జబ్బు పట్టుకుంది. ఎవర్నీ అడగలేకపోయేది. ఎవరైనా కిస్తీ తప్పితే వాళ్ళ వీధిలోకి వెళ్ళడమే మానేసేది. ఎదురుపడితే తనే కళ్ళు దించుకునేది, బాకీ తనదైనట్టు. "పిల్లకి జ్వరం ఆపా" అంటే "సరేలే" అనేది. "నూలు దొరకలేదు ఆపా" అంటే "సరేలే" అనేది. ఆ నాలుగు మగ్గాలు దాటే గొంతు ఏమైందో తెలియదు.

ఇక నా సంగతి. నాకు రెండు మగ్గాలు నడుస్తున్నాయి. అవసరం లేకపోయినా సంఘంలో మూడు వేలు తీసుకున్నాను. ఆరు వడ్డీకి తెచ్చిన ఆ డబ్బుని అమ్మగారి ఊళ్ళో నూటికి నెలకు పది చొప్పున తిప్పాను, ఆ నూలు వ్యాపారి లాగే. సంఘానికి ఆరు వందలు కట్టి ఆపేశాను. సూర్జబాను అడగదని నాకు తెలుసు. అడగనిదానికి కట్టడమెందుకు? నన్ను చూసి ఇంకో ముగ్గురు ఆపేశారు. మా నలుగురిలో ఒక్కరింట్లోనూ పొయ్యి ఆరిపోయిన రోజు లేదు. ఆ రోజుల్లో తప్పకుండా, వారం దాటకుండా, పైసాతో సహా కట్టినది కోహినూర్. ఆమె సంఘం డబ్బుతో నూలు తెచ్చి, నేత నేర్చుకుని తనే మగ్గం మీద కూర్చుంది. ఆడది మగ్గం గుంటలో దిగడమేమిటని ఊరు నవ్వితే నవ్వనిచ్చింది.

తొంభై ఎనిమిది వరద మీకు చెప్పక్కర్లేదు. రెండు నెలలకు పైగా నీళ్ళు తగ్గలేదు. మగ్గం గుంటల్లో చేపలు తిరిగాయి. మేమంతా కట్ట మీదికి చేరాం. బియ్యం ధర మండిపోయింది. అప్పుడు అందరికీ ఒకేసారి పొదుపు డబ్బు గుర్తొచ్చింది. కట్ట మీద సూర్జబాను ప్లాస్టిక్ పట్టా గుడిసె ముందు వరస కట్టారు.

పుస్తకంలో పొదుపు నలభై వేల పైచిలుకు. రేకు పెట్టెలో ఆరు వేలు. మిగతాదంతా మా దగ్గర ఉంది. అంటే నా దగ్గర, నాలాంటివాళ్ళ దగ్గర.

ఆరు వేలు మొదటి పూటకే అయిపోయాయి. తర్వాతి పొద్దున ఫూల్‌జాన్ నానీ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"ఎనిమిది వందల అరవై ఉంటుందే నాది. లెక్క నాకు తెలుసు. అంతా వద్దు. ఒక వంద ఇవ్వు, బియ్యం కొనుక్కుంటా. కఫను సంగతి తర్వాత చూసుకుందాం. ముందు చచ్చిపోకుండా ఉండాలి కదా!" అని నవ్వింది, పళ్ళు లేని నోటితో.

సూర్జబాను పెట్టె మూత తీసి చూపించింది. ఖాళీ. నానీ పెట్టెలోకి వంగి చూసింది. చెయ్యి పెట్టి అడుగు తడిమింది కూడా.

"నీళ్ళల్లో పోయిందా అమ్మా?"

అవునంటే సరిపోయేది. వరదలో అందరివీ పోయాయి, ఎవరూ ఏమీ అనేవారు కాదు. సూర్జబాను అబద్ధం చెప్పలేదు.

"నీళ్ళల్లో పోలేదు నానీ. ఇచ్చినచోట అడగలేదు. అందుకని లేదు."

నానీకి అర్థం కాలేదు. "అడగడానికేమే?" అంది. కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నేను పక్క పట్టాలోనే ఉన్నాను. నా నడుముకి కట్టుకున్న సంచిలో పదకొండు వందలున్నాయి. అయినా లేవలేదు. పిల్లలకు కిచిడీ కలుపుతూ తల వంచుకున్నాను.

సూర్జబాను మొక్సేద్ మగ్గాన్ని అమ్మేసింది. నీళ్ళలో నానిన మగ్గానికి ఏమొస్తుంది? వచ్చింది వచ్చినట్టు పంచేసింది. మొక్సేద్ మళ్ళీ కూలి అయ్యాడు. ఆయన ఒక్క మాట అనలేదని ఊరు మెచ్చుకుంది. అనలేదన్నదే ఆమెను ఎక్కువ కోసిందని నేననుకుంటాను.

నీళ్ళు తగ్గాక ఆమె బయటికి రావడం మానేసింది. ఒకరోజు కోహినూర్ వెళ్ళింది. నేను గోడ ఇవతల బట్టలారేస్తూ అంతా విన్నాను.

"ఆపా, లే. సంఘం ఎప్పుడు పెడుతున్నావ్?"

"నాకు మొహం ఎక్కడుందే? నీ కప్పు పీకిన మొహం, నానీ డబ్బు పోగొట్టిన మొహం."

"ఆ రెండూ ఒకటి చెయ్యకు. నా మీద నీకు సిగ్గేసింది. బాగుంది. ఆ సిగ్గుకి ఖర్చెవరు పెట్టుకున్నారు? నువ్వా? నానీ పెట్టుకుంది. తెలుసా నీకు?"

రాట్నం ఒక చుట్టు తిరిగి ఆగిన చప్పుడు వినిపించింది, కోహినూరే మళ్ళీ అందుకుంది.

"లైలీ దగ్గర డబ్బుందని నీకు తెలుసు. ఎందుకు అడగలేదు?"

"అడిగితే మళ్ళీ ఎవరి కప్పో ఎక్కినట్టుంటుందని భయం వేసింది."

"అడగడం వేరు, ఎక్కడం వేరు ఆపా. నన్ను ఆ రోజు ఎవరైనా కూర్చోబెట్టి అడిగారా, ఏముంది ఇంట్లో, ఏం లేదు, ఎన్నాళ్ళు పడుతుంది అని? ఒక్కరడిగినా రెండు నెలలు గడువు చెప్పేదాన్ని. కట్టేదాన్ని కూడా. మీరంతా నన్నొక్క మాట అడక్కుండా కప్పు ఎక్కడానికి పీటలు వెతుక్కున్నారు."

నా చేతిలో తడి లుంగీ అలాగే ఉండిపోయింది.

ఆ నెలలోనే ఆనిసుర్ సార్ వచ్చాడు. వేరే ఊరికి బదిలీ అయ్యాడు, వరద సాయం గోధుమలతో మళ్ళీ ఇటు వచ్చాడు. సూర్జబాను వాకిట్లో కూర్చుని టీ అడిగి తాగాడు.

"నేను చెప్పాను కదా అనడానికి రాలేదు ఆపా. ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. ఆ రోజు 'మీరే తేల్చుకోండి' అన్నాను చూడండి, అది నా మాట కాదు. శిక్షణలో నేర్పుతారు. మనం ఏదీ చెప్పకూడదు, వాళ్ళ నోటితో వాళ్ళనే అననివ్వాలి అని. నాకు ఏం జరుగుతుందో తెలుసు. తెలిసే పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను."

సూర్జబాను గిన్నెలో మరమరాలు, పచ్చిమిరపకాయ పెట్టి ముందుకు తోసింది. "తినండి సార్. తిని, లెక్క వెయ్యడం నేర్పండి. ఎంత వడ్డీ అయితే ఎవరి కఫనూ పోకుండా నడుస్తుంది?"

ఇద్దరూ, కోహినూరూ కలిసి మూడు పొద్దులు కూర్చుని లెక్కలు వేశారు. చివరికి పద్నాలుగు దగ్గర ఆగారు. కట్టిన అసలు మీద వడ్డీ ఉండదు, మిగిలిన దాని మీదే. వరద నెలల్లో కిస్తీ ఉండదు. తప్పినవాళ్ళ ఇంటికి ఇద్దరు వెళ్ళి కూర్చుని మాట్లాడాలి. ఇంట్లో సామాను ఏదీ ముట్టుకోకూడదు. అదే కొత్త సంఘం.

కానీ ముందు పాత బాకీ తీరాలి. సూర్జబాను, కోహినూర్ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. మొదటి ఇల్లు మాదే.

నేను వాళ్ళని చూసి లోపల చప్పుడు చేస్తూ గిన్నెలు సర్దాను. "రండి ఆపా, చూస్తున్నారుగా, వరద తర్వాత మా పరిస్థితి..." అన్నాను.

"చూస్తున్నానే" అంది సూర్జబాను. వరండాలో కూర్చుంది. "లైలీ, నీ దగ్గర సంఘం డబ్బు రెండు వేల నాలుగు వందలుంది. దాని కోసం వచ్చాను."

అన్నేళ్ళలో ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి అడగడం అది. ఆమె మొహం చెమటతో తడిసిపోయింది. అడిగేవాళ్ళకు అంత కష్టంగా ఉంటుందని నాకు తెలియదు.

"ఇప్పుడు లేదు ఆపా."

"సరే" అంది. లేవలేదు. కోహినూర్ నా రాట్నం ముందుకు లాక్కుని కండెలు చుట్టడం మొదలుపెట్టింది. సూర్జబాను నా చిన్నదాని తల దువ్వింది. వాళ్ళు గొడవ పెట్టుకుని ఉంటే నేనూ గొంతు పెంచేదాన్ని. ఊరి ముందు నెగ్గేదాన్ని కూడా. నా పని నాకు చేసిపెడుతూ కూర్చున్న ఆ ఇద్దర్ని ఏమనాలో తెలియలేదు. బుట్టలో కండెలు సగం నిండాయి.

"కోహినూర్, ఆపవే" అన్నాను చివరికి. "ఆ రోజు రేకులు అందుకున్నది నేనే. తెలుసు కదా నీకు?"

"తెలుసు భాబీ. నీ చెయ్యి కోసుకుపోయింది. నేనే పసుపు తెచ్చిద్దామనుకున్నాను, నువ్వు పరిగెత్తిపోయావు."

లోపలికి వెళ్ళి సంచి తెచ్చాను. ఎనిమిది వందలు లెక్కపెట్టాను. మిగతాది అమ్మగారి ఊళ్ళో ఉందనీ, ఎందుకుందో, ఏ వడ్డీకి ఉందో కూడా చెప్పేశాను. సూర్జబాను పుస్తకంలో ఎనిమిది వందలు రాసింది. వడ్డీ సంగతి విని పుస్తకం మూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

పాత బాకీలన్నీ వసూలై అందరి పొదుపూ తిరిగి చేరడానికి నాలుగేళ్ళు పట్టింది. ఫూల్‌జాన్ నానీ అంతకాలం ఆగలేదు. రెండువేల సంవత్సరం చలికాలంలో పోయింది. అప్పటికి ఆమెకు ఇంకా మూడు వందల నలభై రావాలి. కఫను గుడ్డకి మసీదులో చందా పట్టారు. ఎవరి దయ మీదా పోకూడదన్న మనిషి అందరి దయ మీదా పోయింది. స్నానం చేయించినవాళ్ళలో సూర్జబాను ఉంది, నేనున్నాను. నీళ్ళు పోస్తూ ఆమె ఒక్క మాట అంది: "నానీకి ఇది తెలియకపోతే బాగుండు." ఆ మూడు వందల నలభై తర్వాత వసూలైంది. తీసుకునేవాళ్ళు లేక అనాథ పిల్లల బడికి ఇచ్చాం.

ఇప్పుడు సూర్జబానుకి డెబ్భై దగ్గరపడింది. మొక్సేద్ పోయాడు. సంఘంలో నూట పదిమంది ఉన్నారు. పెద్దది కాలేదు, పడిపోలేదు. ఆఫీసుల నుంచి అంతకన్నా ఎక్కువ అప్పులు త్వరగా దొరుకుతాయి కనుక కొందరు అటు పోతారు, కొందరు తిరిగొస్తారు. పుస్తకం కోహినూర్ చూస్తుంది. నేను శనివారాలు తప్పినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చునే ఇద్దరిలో ఒకదాన్ని. నాకు ఆ పని ఇమ్మని నేనే అడిగాను.

మొన్న షిల్పీ అనే కొత్త కోడలు చేరడానికి వచ్చింది. చదువుకున్న పిల్ల, నోరున్న పిల్ల.

"పద్నాలుగా! దాదీ, నీది సంఘమా, వడ్డీ వ్యాపారమా?"

సూర్జబాను నొచ్చుకోలేదు. వేళ్ళు మడిచింది. "అయిదు పొదుపు చేసినవాళ్ళకే పోతుంది. నాలుగు వరద పెట్టెలోకి. మూడు ఎవరైనా నిజంగా కట్టలేకపోతే పూడ్చడానికి. రెండు పుస్తకాలకీ, తిరిగేవాళ్ళకీ."

"ఆ తిరిగేవాళ్ళలో నువ్వున్నావా?"

"ఉన్నా. నెలకి మూడు వందలు. మొదట్లో మూడేళ్ళు ముట్టుకోలేదు. సిగ్గేసేది."

"ఇప్పుడు వెయ్యదా?"

"వేస్తుంది" అంది సూర్జబాను. "తీసుకున్న ప్రతిసారీ వేస్తుంది. కానీ నేను ఊరికే చేస్తే, నా తర్వాత ఎవరు చేస్తారే ఊరికే?"

షిల్పీ కాసేపు లెక్క వేసుకుంది. తర్వాత చాప మీద కూర్చుని పర్సు తీసింది.

"వారానికి ఎంత కట్టాలి?"

"నీకెంత వీలవుతుందో ముందు అది చెప్పు" అంది సూర్జబాను, పుస్తకం కోహినూర్ వైపు జరుపుతూ.